బగ్గు, పసిపిల్లలు, ఒక తాబేలు

బగ్ అనగానే మన ఆఫీసుల్లో ముందు వచ్చే ప్రశ్న ‘ఎవరు చేశారు?’ అని. ‘ఎందుకలా వచ్చింది?’ అన్నది తర్వాత సంగతి. ఈ రెండో ప్రశ్నే ముందు అడగాలని చిన్నపిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్న పెద్దమనుషులు కొందరున్నారు. వాళ్ళ కథ కంప్యూటర్ల చరిత్రలో భాగమే అయినా మనవాళ్ళెవరూ పెద్దగా చెప్పుకోరు.

మొదటాయన పియాజే. స్విట్జర్లాండు మనిషి, డాక్టరేటు చేసింది నత్తల మీద! 1920 ప్రాంతంలో పారిస్‌లో ఆయనకి అప్పజెప్పింది ఓ బోరు పని. బడిపిల్లలకి తర్కం ప్రశ్నలిచ్చి ఎన్ని ఒప్పో ఎన్ని తప్పో లెక్క రాసుకోవడం. ఈయన తప్పుల దగ్గర ఆగిపోయాడు. ఒక వయసు పిల్లలంతా ఇంచుమించు ఒకేలాంటి తప్పు చేస్తున్నారు. అంటే అది తెలివితక్కువతనం కాదు, లోపల ఇంకేదో లాజిక్ నడుస్తోందన్నమాట.

1925, 1927, 1931లలో తనకి పుట్టిన ముగ్గురు పిల్లల్నీ భార్యతో కలిసి గమనిస్తూ నోట్సు రాసుకున్నాడు. వెడల్పు గ్లాసులో నీళ్ళు సన్నటి పొడుగు గ్లాసులో పోస్తే నాలుగేళ్ళ పిల్ల ‘ఎక్కువయ్యాయి’ అంటుంది. మనమైతే ‘కాదే, అవే నీళ్ళు’ అని దిద్దేసి ఫోన్ చూసుకుంటాం. ఆయన ‘ఎందుకలా అనుకుంటున్నావ్?’ అని అడిగి, చెప్పేదాకా ఆగేవాడు. ఆగడమే కష్టం, ప్రయత్నించి చూడండి.

ముగ్గురు పిల్లల్ని చూసి లోకానికంతా సూత్రాలు రాస్తే ఎలా అని తర్వాత విమర్శలొచ్చాయి. న్యాయమైనవే. 1980లలో జరిగిన ప్రయోగాల్లో, దాచేసిన వస్తువు ఇంకా అక్కడే ఉందని పసివాళ్ళకి ఆయన అనుకున్నదానికంటే చాలా ముందే తెలుస్తుందని తేలింది. పిల్లల్ని తక్కువ అంచనా వేసినవాళ్ళలో పియాజే కూడా ఉన్నాడు మరి :-)

జెనీవాలో ఆయన దగ్గర 1958 నుంచి 1963 దాకా పనిచేసిన గణితవేత్త సీమోర్ పాపర్ట్. తర్వాత అమెరికా వెళ్ళి ఎమ్‌ఐటీలో చేరాడు. 1967లో ఆయనా, వాలీ ఫోయర్‌జైగ్, సింథియా సాలొమన్ తదితరులూ కలిసి పిల్లల కోసం లోగో భాష తయారుచేశారు. తెరమీద తాబేలు గుర్తుందా? వృత్తం గియ్యాలంటే ఫార్ములా అక్కర్లేదు. నువ్వే తాబేలువనుకుని నడిచి చూడు అంటారు. కొంచెం ముందుకి, కొంచెం పక్కకి, మళ్ళీ కొంచెం ముందుకి. పిల్ల ఒళ్ళే అల్గారిదమ్.

ఇల్లు గియ్యమంటే పిల్లలు చదరం రాసి, దానికింద త్రికోణం రాస్తారు. రన్ చేస్తే పైకప్పు ఇంటి లోపల పడుతుంది! బళ్ళో అయితే ఇంటూ మార్కు. ఇక్కడ ‘తాబేలు చదరం అయ్యాక ఎక్కడ ఆగింది, ఎటు చూస్తోంది?’ అని వెతుకులాట మొదలవుతుంది. ప్రోగ్రామ్ ఒప్పా తప్పా అని కాదు, ఎలా బాగుచెయ్యొచ్చు అన్నదే అసలు ప్రశ్న అని 1980లో వచ్చిన ‘మైండ్‌స్టార్మ్స్’లో పాపర్ట్ వాదన. కంప్యూటర్ పిల్లవాడిని నడిపించకూడదు, పిల్లవాడే కంప్యూటర్‌ని నడిపించాలన్నది ఆయన పట్టుదల. ఆరేళ్ళవాళ్ళకి కోడింగ్ క్లాసుల ఫీజులు కట్టేముందు మనం ఆ పుస్తకం ఓసారి తిరగేస్తే డబ్బులు మిగలొచ్చు.

1968లో ఆ లోగో పిల్లల్ని చూడడానికి వెళ్ళాడు ఆలన్ కే. చూసొచ్చాక ఆయన ఆలోచనలన్నీ పిల్లలు పట్టుకు తిరగగల కంప్యూటర్ చుట్టూనే. 1972లో రాసిన వ్యాసం పేరే ‘అన్ని వయసుల పిల్లలకీ పర్సనల్ కంప్యూటర్’. జిరాక్స్ పార్క్‌లో ఆయన బృందం స్మాల్‌టాక్ చేసి, బడిపిల్లలకి నేర్పింది. ఓ పన్నెండేళ్ళ అమ్మాయి బొమ్మలు గీసే ప్రోగ్రామ్ తనే రాసుకుంది. అందరూ అలా రాయలేదు, ఆ విజయాలు మేమనుకున్నంత విస్తృతం కావని కే తర్వాత ఒప్పుకున్నాడు కూడా.

1979 డిసెంబర్లో స్టీవ్ జాబ్స్ పార్క్‌కి వచ్చి నోరెళ్ళబెట్టి చూసింది ఈ స్మాల్‌టాక్ విండోలనే.