మేడారం దారిలో గూడు బండి

ఓరుగల్లు చరిత్ర అనగానే మనకు కోట తోరణాలు, వేయిస్తంభాల గుడి స్మరణకు వస్తాయి. రాతిలో నిలిచినవి గనుక అవి చరిత్రకెక్కినవి. నాలుగు రాత్రులు నిలిచి, ఆపైన ఆనవాలు లేకుండా పోయిన ఇళ్ళకు కూడా ఈ సీమలో చరిత్ర ఉన్నది. సమ్మక్క, సారలమ్మలను కొలువబోయిన గూడు బండ్ల చరిత్రను ఈ ప్రసంగంలో శ్రోతలకు మనవి చేయదలచినాము.

వెనుకటి వరంగల్లు జిల్లాలోనిదైన మేడారం, 2019 నుండి ములుగు జిల్లాలో ఉన్నది. రెండేండ్లకొకసారి మాఘ పౌర్ణమి వేళకు అక్కడ జాతర జరుగుతుంది. వరంగల్లు నుండి దూరం సుమారు 100 కిలోమీటర్లు. బరువుతో రోజుకు 25, 30 కిలోమీటర్లకు మించి నడవలేని ఎడ్లకు అది మూడు నాలుగు దినాల పయనం. ములుగు దాటితే అడవి దారి. అందుచేత రైతు తన ఇంటిని బండిమీదనే కట్టుకొని బయలుదేరేవాడు.

ఆ కట్టుబడిలో ఆడంబరం లేదు, ఆలోచన ఉన్నది. పచ్చి వెదురు బద్దలను విల్లువలె వంచి, కొనలను బండి ఇరుప్రక్కలా త్రాళ్ళతో బిగించేవారు. పైన ఈతచాపో తడకో, దానిమీద గోనెపట్టా. తరువాతి కాలంలో తాటిపత్రి వచ్చింది. వంచిన వెదురు తిరిగి చాచుకొనజూస్తుంది. ఆ బిగువే కప్పును నిలుపుతుంది. మాఘంలో వానలు అరుదు గనుక మంచును ఆపగల కప్పు చాలును. అంతకు మించిన ప్రతి వీసెడు బరువునూ ఎడ్లు మోయవలసి ఉంటుంది. అడుగున పరచిన వరిగడ్డి పగలు కుదుపులకు మెత్త, రాత్రి పడక, తిరుగు ప్రయాణంలో ఎడ్లకు మేత.

విడిదిలో ఎడ్లను విప్పి కాడి క్రింద కర్ర ఆనిస్తే బండి సమంగా నిలిచేది. స్త్రీలూ పిల్లలూ గూటిలో, పురుషులు బండి క్రింద నిద్రించేవారు. రెండు బండ్ల నడుమ దుప్పటి కడితే వంటకు చాటు. బండి లేనివారు మూటలు నెత్తిన పెట్టుకొని నడిచారు. వారికి చెట్టే గూడు.

ఆ మార్గానికి చేరువనే, పాలంపేటలో, 1213 నాటి రామప్ప దేవాలయం ఉన్నది. దాని శిఖరానికి నీటిలో తేలే తేలిక ఇటుకలను వాడినారు. 2021లో దానికి ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. బరువు తగ్గించి నిలబెట్టే నేర్పు ఆ స్థపతులకు ఎంత తెలిసినదో, పేరు లేని బండి రైతుకూ తన మేరకు అంత తెలుసును.

1996లో మేడారం రాష్ట్ర పండుగ అయినది. నేడు బస్సులు, ట్రాక్టర్లు, ఆటోలు వస్తున్నవి. ట్రాక్టరు తొట్టిపై తాటిపత్రి కట్టి నిద్రించే కుటుంబం ఆ గూడు బండికి వారసురాలే. కాని ఒక భేదమున్నది. పూర్వం బండ్లు కదలిన చోట గడ్డిపరకలూ పొయ్యి బూడిదా మిగిలేవి. నేడు ప్లాస్టిక్ పట్టాలు మిగులుతున్నవి. నాలుగవనాడు దేవతలు వనప్రవేశం చేస్తారు. వారు తిరిగి చేరే ఆ వనాన్ని వచ్చిననాటి వలెనే విడిచివెళ్ళడం, గూడు బండి నుండి మనము నేర్వదగిన మొదటి పాఠం.