నంద్యాల ఆదివారాలు: ఇల్లంతా ఒక్క టీవీ ముందు

1977 మార్చి లోక్‌సభ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు దక్కాయి. దక్కనిది ఒక్క నంద్యాల. అక్కడ జనతా పార్టీ తరఫున గెలిచిన నీలం సంజీవరెడ్డి ఆ జులైలోనే రాష్ట్రపతి అయ్యారు. మరో మూడు నెలలకు, అక్టోబరు 23 ఆదివారం నాడు, హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ప్రసారాలు మొదలుపెట్టింది. పద్నాలుగేళ్లు గడిచాక, 1991 నవంబరులో, ప్రధానిగా ఉన్న పి.వి. నరసింహారావు ఇదే నంద్యాల ఉప ఎన్నికలో 5.8 లక్షల ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఆయన ప్రధానిగా ఉన్న ఆ ఐదేళ్లలోనే దూరదర్శన్ ఏకైక చానల్‌గా ఉన్న కాలం ముగిసింది. ఆ ఎన్నికల వల్లే టీవీ వచ్చిందనీ, టీవీ మారిందనీ చెప్పబోవడం లేదు. కానీ నంద్యాలలో, దానికి దక్షిణంగా కడప దారిలో సుమారు నలభై కిలోమీటర్ల దూరాన ఉన్న ఆళ్లగడ్డలో, తాత నుంచి మనవడి దాకా ఇంటిల్లిపాదీ ఒకే గదిలో కూర్చుని ఆదివారం గడిపిన కాలం దాదాపు ఈ రెండు ఎన్నికల మధ్యే పుట్టి పెరిగింది.

అంతకుముందు ఆదివారం అంటే రేడియో. రాయలసీమకు కడప ఆకాశవాణి 1963లో వచ్చింది. రాత్రి పూట విజయవాడ కూడా బాగానే వినపడేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నాటకం, ఇంకో పూట సినిమా సంభాషణలన్నీ గంటలో వినిపించే సంక్షిప్త శబ్దచిత్రం, పిల్లలకు బాలానందం. రేడియోకు చెవి అప్పగించి చేతులు తమ పని తాము చేసుకోవచ్చు. వేరుశనక్కాయలు ఒలుస్తూ, బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేవాళ్లు. టీవీ అలా ఒప్పుకోలేదు. చేతిలో పని పక్కన పెట్టి వచ్చి కూర్చోమంది. ఇళ్లలోని ఆడవాళ్ల ఆదివారాన్ని అది ఎంతగా మార్చిందో చరిత్ర రాసినవాళ్లు సరిగా పట్టించుకోలేదని నా అభిప్రాయం. తొమ్మిదిన్నరకు సీరియల్ ఉందంటే ఉగ్గాని, బజ్జీలు తొమ్మిదికే అయిపోవాలి. పొయ్యి మీద పప్పు ఉడకడానికి పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, గడప దగ్గర ఒక కాలు టీవీ గదిలో, ఒక కాలు వంటింట్లో పెట్టి చూసిన తల్లులు ఆ కాలంలో ప్రతి వీధిలోనూ ఉన్నారు.

తెలుగు పల్లెలు టీవీని మొదటిసారి చూసింది మాత్రం ఇళ్లలో కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అడిగి తెచ్చుకుని, మన దేశం ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు కార్యక్రమాలు పంపింది. సైట్ అని పిలిచిన ఆ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పొద్దున బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం సేద్యం, ఆరోగ్యం. ఊరికి ఒకటే పెట్టె, అది అందరిదీ. ఏడాది గడువు తీరగానే ఉపగ్రహం వెళ్లిపోయింది. టీవీ చుట్టూ ఊరంతా కూర్చోవాలన్న అలవాటు మాత్రం ఎనభైల దాకా అలాగే నిలిచింది. ఎందుకంటే అప్పటికీ వీధికి ఒకటో రెండో టీవీలే.

1982 ఆగస్టు 15న రంగుల ప్రసారం, జాతీయ కార్యక్రమం మొదలయ్యాయి. ఆ నవంబరులో ఢిల్లీ ఆసియా క్రీడలు. 1983లో ఇన్‌శాట్-1బి నింగికెక్కింది. 1984 రెండో సగంలో రోజుకొక ట్రాన్స్‌మిటర్ చొప్పున దేశమంతా చిన్న చిన్న పట్టణాల్లో పెట్టుకుంటూ పోయారు. అవి చాలావరకు నూరు వాట్ల చిన్న యంత్రాలు. వాటి సత్తా పాతిక కిలోమీటర్లు దాటదు. ఆ వలయానికి అవతల ఉన్న ఊళ్లవాళ్లు మాత్రం ఊరుకుంటారా? మిద్దె మీద ఇనుప గొట్టాలు ఒకదాని మీద ఒకటి బిగించి, అంత ఎత్తున అల్యూమినియం కడ్డీల యాంటెన్నా కట్టి, దాని కింద బూస్టర్ తగిలించి, గాలిలో ఉన్న కొద్దిపాటి సిగ్నల్‌నే పట్టుకొచ్చేవాళ్లు.

ఈ యాంటెన్నా తిప్పడం ఒక్కరితో అయ్యే పని కాదు. ఒకరు మిద్దె మీద గొట్టం పట్టుకోవాలి, ఒకరు వాకిట్లో నిలబడాలి, ఒకరు టీవీ దగ్గర ఉండాలి. "వచ్చిందా?" "వచ్చె, వచ్చె... పాయె!" "ఇట్లా తిప్పనా?" "అట్లనే ఉండు, కదలొద్దు!" గొట్టం పట్టుకున్నవాడు చేయి తీస్తే బొమ్మ పోతుంది, పట్టుకునే ఉంటే సీరియల్ చూడలేడు. నల్లమల అంచు ఊళ్లలో ఇంకో బాధ: కోతులు. అహోబిలం దారిలో ఉండేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. ఒక కోతి కడ్డీ పట్టుకుని ఊగిందంటే ఆ వారం ఇంద్రజిత్తు యుద్ధం చుక్కలపాలే. సేద్యపు మోటార్లు ఆడే వేళ ఓల్టేజీ పడిపోయి బొమ్మ నాలుగు వైపులా కుంచించుకుపోయేది. అందుకే టీవీ కొన్న ఇంట్లో స్టెబిలైజర్ కూడా కొనేవాళ్లు. మన హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీ, మద్రాసు నుంచి వచ్చిన డయనోరా, సాలిడేర్, ఇంకా వెస్టన్, క్రౌన్. చాలావాటికి చెక్క పెట్టె, ముందు జరిపే తలుపులు, వాటికి తాళం. పరీక్షలప్పుడు ఆ తాళంచెవి నాన్న జేబులో ఉండేది.

ఇక ఆదివారం. మొదట్లో వారంలో మిగతా రోజులు సాయంత్రానికి గానీ జీవం రాని టీవీ ఆ ఒక్కరోజు పొద్దున్నుంచే మాట్లాడేది. ఎనభైల నడుమ ఆదివారం పొద్దున అమెరికా స్టార్‌ట్రెక్ వచ్చేది. ఇంగ్లీషు మాట ఒక్కటీ అర్థం కాకపోయినా పిల్లలు నక్షత్రనౌకను కళ్లార్పకుండా చూశారు. తర్వాత్తర్వాత రంగోలి పాటలతో తెల్లవారింది. ఆ వెంట పురాణ సీరియల్. మధ్యాహ్నం చెవిటివారి కోసం చేతి సైగలతో వార్తలు. ఆ పైన వంతులవారీగా ఒక్కో భారతీయ భాషలో ఒక్కో సినిమా. సాయంత్రం హిందీ సినిమా. ఈ వరస ఏడాదికేడాది మారుతూనే ఉంది గానీ, దాని స్వభావం మారలేదు: ఒక్క చానల్‌లో, ఒక్క రోజులో, ఇంట్లోని ప్రతి వయసుకూ ఏదో ఒకటి ఉండాలి.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ మధ్యాహ్నపు భాషా చిత్రం. తెలుగు వంతు ఎన్నో వారాలకు గానీ వచ్చేది కాదు. వచ్చేదాకా బెంగాలీ, మలయాళం, అస్సామీ, మరాఠీ. సత్యజిత్ రాయ్, ఆదూర్ గోపాలకృష్ణన్ వంటి వారి సినిమాలు అప్పట్లో నంద్యాల ఉన్న కర్నూలు జిల్లాలో ఏ సినిమా హాలువాడూ తెచ్చి ఆడించేవాడు కాదు. అడుగున ఇంగ్లీషు అక్షరాలు చదువుతూ డిగ్రీ పిల్లలు వాటిని చూశారు, పెద్దవాళ్లు మధ్యలో కునుకు తీశారు, ముసలమ్మ లేచి "వానికి పెండ్లయిందా?" అని అడిగింది. సినిమా అంటే ఇలా కూడా ఉంటుందని మొదటిసారి ఎంతోమందికి తెలిసింది ఆ పూటే. ఎవరూ కోరి ఎంచుకోని మంచి వస్తువును ఇంటికి తెచ్చి ముందు పెట్టడం ప్రభుత్వ ప్రసార సంస్థ చేయగల పెద్ద మేలు. దూరదర్శన్ మీద ఉన్న ఫిర్యాదులన్నీ నాకు తెలుసు. అధికార పార్టీ బాకా అన్న మాటలో నిజం ఉంది. అయినా ఈ మేలును తక్కువ చేయలేను.

1987 జనవరి 25 ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు రామానంద్ సాగర్ రామాయణం మొదలైంది. 52 భాగాలనుకున్నది 78 అయింది. 1988 జులై 31న ముగిసింది. అక్టోబరు 2 నుంచి బి.ఆర్. చోప్రా మహాభారతం, 1990 జూన్ 24 దాకా 94 భాగాలు. వీధులు ఖాళీ అవడం, టీవీకి బొట్టు పెట్టి హారతి ఇవ్వడం దేశమంతా పత్రికలు రాసినవే. తెలుగునాట మాత్రం ఇంకో సంగతి ఉంది. ఇక్కడి ప్రేక్షకుడు ఈ కథలకు కొత్తవాడు కాదు. 1963 నాటి 'లవకుశ', ఆ తర్వాత బాపు తీసిన 'సంపూర్ణ రామాయణం' చూసి, తోలుబొమ్మలాటలో లంకాదహనం చూసి వచ్చినవాడు. పైగా రామాయణం ప్రసారమైన ఆ ఏడాదిన్నరా హైదరాబాద్‌లో ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్నది వెండితెర రాముడు ఎన్టీఆరే. అందుకే సీరియల్‌లో రాముడైన అరుణ్ గోవిల్‌ను చూస్తూనే మనవాళ్లు తీర్పులు చెప్పారు. నవ్వు బాగుంది, నడక లేదు. రావణుడంటే మన తెలుగు సినిమా రావణుడే. హనుమంతుడి వరకు దారాసింగ్‌కు తిరుగులేదు. ప్రతి అరుగు మీదా ఒక విమర్శకుడు తయారయ్యాడు. కథ తెలిసినందువల్ల హిందీ రాకపోవడం అడ్డు కాలేదు. నంద్యాల ముస్లిం ఇళ్లలో ఉర్దూ వచ్చినవాళ్లు కూడా ఆ సంస్కృత పదాల హిందీకి ఆగి ఆలోచించవలసి వచ్చేది. అక్కడ రామాయణం తెలిసిన పక్కింటివాళ్లు అందుకునేవాళ్లు. భాష ఒకరికి, కథ ఒకరికి తెలిసి, ఇద్దరూ ఒకే చాప మీద కూర్చున్నారు.

టీవీ కోసం ఊరు ఆగిపోవడం మనకే జరిగిన వింత కాదు. బ్రిటన్‌లో 'ఫోర్‌సైట్ సాగా' అనే 26 భాగాల సీరియల్‌ను 1968 సెప్టెంబరు నుంచి బీబీసీ ఆదివారం రాత్రుల్లో మళ్లీ వేసినప్పుడు, దానికోసం చర్చిలు సాయంకాల ప్రార్థన వేళలు మార్చుకున్నాయి. ఆ దేశంలో ఆదివారం సాయంత్రం ఆరుంబావు నుంచి ఏడున్నర దగ్గర దాకా మతపరమైనవి తప్ప మామూలు వినోదం వేయకూడదన్న కట్టడి 1972 వరకు ఉండేది. జనం చర్చికి వెళ్లే వేళ కదా అని. అక్కడ గుడి వేళకు టీవీ తలవంచింది, కొన్నాళ్లకు గుడే టీవీ వేళకు జరిగింది. మన దగ్గర ఆ పేచీయే లేదు. దేవుడి కథే ఆదివారపు మొదటి వినోదం. బి.ఆర్. చోప్రా మహాభారతం తర్వాత బీబీసీలోనూ ప్రసారమై అక్కడి భారతీయ కుటుంబాలను ఇలాగే కూర్చోబెట్టింది.

భారతం అయ్యాక కూడా ఆదివారం పొద్దు ఖాళీగా లేదు. 1991 సెప్టెంబరు 8 నుంచి చాణక్య, 1993లో జపాన్ బొమ్మల మోగ్లీ, ఆ మరుసటి ఏడు చంద్రకాంత. ఆదివారం రాత్రికి సురభి. దేశం నలుమూలల కళలు చూపించి, చివర్లో ప్రశ్న అడిగి, పోస్టుకార్డు మీద జవాబు రాయమనేది. ఆళ్లగడ్డలో రాతిని దేవుడిగా చెక్కే శిల్పుల కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. అలాంటి ఊళ్లో ఈ కార్యక్రమం చూసేవాళ్లకు ఒడిశా శిల్పి ఉలి పట్టే తీరు కూడా సొంత విషయమే.

అప్పటికే పైన గాలి మారింది. ఉపగ్రహ చానళ్లు వచ్చాయి: 1991లో స్టార్, 1992 అక్టోబరు 2న జీ, 1993లో మద్రాసు నుంచి సన్. 1995 ఫిబ్రవరి 9న గాలి తరంగాలు ప్రభుత్వ సొత్తు కాదు, ప్రజల సొత్తు అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ఏడే కేబుల్ చట్టం. ఆ ఏడే తెలుగు చానల్ జెమిని. ఆగస్టు 27న ఈటీవీ, అదీ ఆదివారమే. నంద్యాల వీధుల్లో మేడల మీద పెద్ద గొడుగు యాంటెన్నాలు లేచాయి. కరెంటు స్తంభాల వెంట నల్ల తీగ ఇంటింటికీ వచ్చింది. నూరు రూపాయల్లోపు నెలసరి అద్దెకు తెలుగు, రోజంతా తెలుగు. దీన్ని తక్కువగా చూడకూడదు. పదేళ్లు హిందీ విని సర్దుకున్న అవ్వకు తన భాషలో వార్తలు, సీరియళ్లు, సినిమాలు దొరికాయి. అంతకుముందు మన భాషకు శుక్రవారం చిత్రలహరి, వారాంతపు సినిమా, సాయంత్రపు కాస్త సమయం తప్ప ఏమున్నాయి గనుక!

ఇంటిల్లిపాదీ కలిసి చూసిన చివరి గొప్ప తెలుగు ఆదివారం మాత్రం ఇంకా ముందుంది. 2001 నవంబరు 18 ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు జెమినిలో గుణ్ణం గంగరాజు 'అమృతం' మొదలైంది. సరిగ్గా ఆరేళ్లు, 313 భాగాలు, 2007 నవంబరు 18 దాకా. కష్టాల్లో నడిచే ఒక హోటలు, ఇద్దరు స్నేహితులు, ఇంటి యజమాని అప్పాజీ, హోటల్లో పనిచేసే సర్వం. ఒక్క బూతు మాట లేదు, ఒక్క కుట్ర లేదు. అత్తగారు, కోడలు, పిల్లలు ఒకే చోట నవ్వారు. పొద్దున రామాయణానికి కూడిన ఇల్లు రాత్రి అమృతానికి కూడిందంటే, కావలసింది పురాణమే కాదని అర్థం. ఎవరినీ లేచి పొమ్మనని కార్యక్రమం అయితే చాలు.

తర్వాత ఒక టీవీ రెండయింది, టీవీలు పలచబడి గోడకెక్కాయి, ఆపైన ఎవరి ఫోను వారిది. దూరదర్శన్ పాత ట్రాన్స్‌మిటర్లను దేశమంతటా ఒక్కొక్కటిగా ఆపేశారు.

2020 మార్చి 28న, లాక్‌డౌన్ మొదలైన నాలుగో రోజున, దూరదర్శన్ మళ్లీ అదే రామాయణం మొదలుపెట్టింది. పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి. ఏప్రిల్ 16న ఒక్క రోజే 7.7 కోట్ల మంది చూశారని సంస్థ ప్రకటించింది. ఆ ఏప్రిల్‌లో రాష్ట్రంలో ఎక్కువ కరోనా కేసులు ఉన్నది కర్నూలు జిల్లాలోనే. నంద్యాలలో వీధులకు అడ్డంగా కట్టెలు కట్టేశారు. 1987లో ఆ సీరియల్ చూడాలంటే టీవీ ఉన్న ఇంటికి పోయి, చెప్పులు గడప బయట విడిచి, చాప మీద పాతికమందితో కలిసి కూర్చోవాలి. ఈసారి బొమ్మ ఎక్కడా చెదరలేదు, వారం ఆగనక్కర్లేదు, ప్రతి ఇంట్లోనూ టీవీ ఉంది. పక్కింటివాళ్లు మాత్రం రాకూడదు.