పరీక్ష మారిన నాటి సంశయము

గర్భాశయ ముఖద్వార కాన్సరును ముందే పసిగట్టు ‘పాప్’ పరీక్షను మార్చవలదని 2017లో ఆస్ట్రేలియాలో ఒక వినతిపత్రముపై 70,000కు మించి సంతకములు పడినవి. అంతవరకు రెండేండ్ల కొకమారు జరుగు ఆ పరీక్షకు మారుగా, 25వ ఏటనుండి అయిదేండ్ల కొకమారు హెచ్.పి.వి. అను వైరసు జాడను వెదకు పరీక్ష రానుండెను. ఇది వ్యయము తగ్గించు ఉపాయమని పలువురు స్త్రీలు శంకించిరి.

ఆ శంకను అజ్ఞానమని త్రోసివేయుటకు మాకు మనసొప్పదు. రెండేండ్ల గడువు మరువవలదని 1991 నుండి వారికి బోధించినది ఆ ప్రభుత్వమే కదా! బోధ మార్చునపుడు కారణము విప్పి చెప్పవలదా?

కారణము బలమైనదే. పాప్ పరీక్ష అప్పటికే మారిన కణములను చూపును. ఆ మార్పునకు మూలమైన వైరసులలో ముఖ్యమగు 16వ రకమును జర్మనీలో జుర్ హౌసెన్ బృందము 1983లో కనుగొనెను. 2008లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. వైరసు సోకినది మొదలు కాన్సరగుటకు సాధారణముగా పదేండ్లకు పైగా పట్టును. మన ఉస్మానాబాదు జిల్లాలో జరిగి 2009లో ప్రకటితమైన పరిశోధనలో, ఒక్కమారు చేసిన హెచ్.పి.వి. పరీక్షయే ఈ వ్యాధి మరణములను ఇంచుమించు సగమునకు తగ్గించెను.

ఇంకొక సంకోచము కలదు. దానిని స్త్రీలు బిగ్గరగా చెప్పరు. దాంపత్య సంబంధము వలన సోకు వైరసు తనలో నున్నదని తేలినచో భర్త ఏమనుకొనును? ఇది అనేకులకు సోకి, చికిత్స లేకయే తొలగిపోవునది. ఏండ్ల తరబడి అణగియుండి బయటపడవచ్చును. ఎన్నడు, ఎవరివలన వచ్చినదో పరీక్ష చెప్పజాలదు. ఈ మాట ఫలితము చేతికిచ్చునపుడు గాక, ముందుగనే చెప్పవలెనని మా అభిప్రాయము.

కొత్త పద్ధతి 2017 డిసెంబరులో అమలయ్యెను. 2022 జూలై నుండి అచటి స్త్రీలు కోరినచో నమూనాను తామే తీసికొను వీలు కలిగినది.