పాత ఆర్‌ఎక్స్ 100 గట్టిదా, కొత్త ఆర్15 గట్టిదా? మిరప నేల మీద ఒక లెక్క

పోయిన నెల మా తమ్ముడు ఊరి నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, ఆర్15 అమ్మేసి ఆర్‌ఎక్స్ 100 తీసుకుందామనుకుంటున్నా. ఫుల్‌గా రీస్టోర్ చేసిన బండి, లక్షా ఇరవై చెప్తున్నాడు. పాత బండే గట్టిదంట కదా?" అన్నాడు. వాడేమీ వీకెండ్ రైడర్ కాదు. చిలకలూరిపేట దగ్గర మా ఊరి నుంచి రోజూ పేటకి పనికెళ్తాడు, సాయంత్రం పొలానికెళ్తాడు. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క బండే. ఆ లక్షా ఇరవైలో కొంత ఈ ఏడాది మిరపకాయలు అమ్మిన డబ్బు. కాబట్టి తప్పు సలహా ఇస్తే పోయేది వాడి బండి ఒక్కటే కాదు.

నేను వెంటనే "వద్దురా" అనబోయి ఆగాను. ఎందుకంటే ఆ మాట నేనూ చిన్నప్పటి నుంచి వింటున్నా: పాత బండి గట్టిది, కొత్తవన్నీ డబ్బాలు. ఇది నిజమా? ఈ ఎపిసోడ్‌లో అదే చూద్దాం.

ముందు ఒక విషయం. ఈ గొడవ మన ఊళ్ళోనే కాదు, ప్రపంచమంతా ఉంది. పోర్షే 911 అనే స్పోర్ట్స్ కారు తెలుసు కదా. 1998 దాకా దాని ఇంజిన్‌ని గాలే చల్లబరిచేది. ఆ తర్వాతి తరానికి నీళ్ళతో చల్లబడే ఇంజిన్ పెట్టారు. ఆ కొత్త ఇంజిన్‌లో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ అని ఒక చిన్న పార్టు ఉండేది. కొన్ని కార్లలో అది పోయి, మొత్తం ఇంజినే పాడైంది. దాంతో "పాతదే గట్టిది" అనే పేరు పడిపోయింది. 2009 మోడల్‌కి వచ్చేసరికి కంపెనీ ఆ షాఫ్టే లేని కొత్త ఇంజిన్ తెచ్చింది. అంటే కొత్తది అనగానే గట్టిది కాదు, చెత్తదీ కాదు. ఏ తరం, ఆ తరంలో ఎన్నో ఏడు అన్నది చూడాలి.

మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో స్పోర్ట్స్ కారు ఎవరి దగ్గరుంది చెప్పండి? మనకి ఆ మోజు తీర్చింది బైకులే. 1983లో ఎస్కార్ట్స్ కంపెనీ యమహా డిజైన్‌తో రాజ్‌దూత్ 350 తెచ్చింది. 347 సీసీ, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. మైలేజీ మాత్రం అడగొద్దు. పైగా ఇక్కడ అమ్మిన బండికి ముందు కూడా డ్రమ్ బ్రేకే. ఆ రోజుల్లో అంత పెట్రోల్ పోసి మెయింటైన్ చేసే స్తోమత ఎంతమందికుంటుంది?

1985 నవంబర్‌లో ఆర్‌ఎక్స్ 100 వచ్చింది. 98 సీసీ, 11 హార్స్ పవర్, బరువు 100 కిలోల చుట్టుపక్కల. బరువు తక్కువ, పికప్ ఎక్కువ. మొదట్లో వచ్చిన బండ్లకి పార్టులు జపాన్ నుంచే వచ్చేవి. అందుకే ఇప్పటికీ "మేడ్ ఇన్ జపాన్ ఇంజిన్" అని చెప్పి రేటు పెంచుతారు.

అప్పుడు మన నేల మీద నడుస్తున్నది పత్తి. తెల్ల బంగారం అన్నారు. చేతికి డబ్బు ఆడిన ఇళ్ళల్లోకి బండ్లు వచ్చాయి. 1987-88లో తెల్లదోమ అదే పత్తిని ఊడ్చేసింది. గుంటూరు, ప్రకాశం రైతులు అప్పుల్లో కూరుకుపోయారు, ప్రాణాలు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మన దగ్గర బండి ఎప్పుడూ పంట డబ్బుతోనే ముడిపడి ఉంది. డబ్బు ఏడాదికొకసారి వస్తుంది, బండి మాత్రం రోజూ నడవాలి. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

సరే, ఆర్‌ఎక్స్ నిజంగా పాడయ్యేది కాదా? మా బాబాయికి ఒకటుండేది. నా చిన్నప్పుడు ఆ బండి పక్కన ఆయన కూర్చుని ఉండటమే ఎక్కువ చూశా. ప్లగ్‌కి మసి పట్టేది, తీసి ఉప్పు కాగితంతో రుద్దేవాడు. పాయింట్ గ్యాప్ తప్పేది, గీకి సెట్ చేసేవాడు. కార్బురేటర్ ఓవర్‌ఫ్లో అయ్యేది. సైలెన్సర్‌లో కార్బన్ పేరుకుని బండి లాగేది కాదు, లోపలి గొట్టం తీసి మంటలో పెట్టి కాల్చేవాళ్ళు. టూ స్ట్రోక్ కాబట్టి ఆయిల్ సరిగ్గా అందకపోతే పిస్టన్ పట్టేసేది. రెంటచింతల ఎండ తెలుసు కదా, రాష్ట్రంలో ఎండ గురించి మాట్లాడితే ముందు ఆ ఊరి పేరే వస్తుంది. అలాంటి మే నెలలో, గాలితో మాత్రమే చల్లబడే ఇంజిన్‌ని, ఇద్దరు మనుషులు, ఒక మూటతో గంటసేపు లాగిస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

మరి గట్టిది అని పేరెలా వచ్చింది? రెండు కారణాలు.

మొదటిది, మనం చూస్తున్నది మిగిలిన బండ్లనే. మిరపకాయ యార్డుకి పోయేముందు ఏం చేస్తారు? కల్లంలో కూర్చుని తాలు కాయలు ఏరేస్తారు. తెల్లబడ్డవి, మచ్చలొచ్చినవి పక్కకి పోతాయి. గుంటూరు యార్డులో టిక్కీ విప్పి చూసినవాడికి అన్నీ ఎర్రగానే కనిపిస్తాయి. "అబ్బ, ఈ చేలో ఒక్క తాలు కాయ కూడా కాయలేదే" అనుకుంటే ఎంత పొరపాటో, ఇవాళ రోడ్డు మీద మెరుస్తున్న ఆర్‌ఎక్స్‌ని చూసి "ఈ బండ్లు పాడవ్వవు" అనుకోవడం కూడా అంతే పొరపాటు. పాడైనవి ఎప్పుడో పాత ఇనుప కొట్టుకి పోయాయి.

రెండో కారణం అసలైనది. ఆ బండి పాడైతే బాగుచేయడం తేలిక. ఉదాహరణకి సిలిండర్ తీసుకుందాం. ఆర్‌ఎక్స్ సిలిండర్ లోపల పోత ఇనుము ఉంటుంది. అది అరిగితే లేత్ షాపులో కొంచెం వెడల్పు చేసి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేస్తారు. బోర్ కొట్టించడం అంటాం కదా, అదే. మళ్ళీ అరిగితే ఇంకో సైజు. ఒకే సిలిండర్‌తో నాలుగు జన్మలు.

ఇప్పుడు ఆర్15కి వద్దాం. 2008లో మొదటిది వచ్చింది. 149.8 సీసీ, నీళ్ళతో చల్లబడే ఫోర్ స్ట్రోక్ ఇంజిన్, కార్బురేటర్ బదులు ఫ్యుయెల్ ఇంజెక్షన్, ఆరు గేర్లు, ముందూ వెనకా డిస్క్ బ్రేకులు. దీని సిలిండర్‌లో ఇనుము లేదు. అల్యూమినియంలో దాదాపు 20 శాతం సిలికాన్ కలిపి పోతపోస్తారు. డయాసిల్ అంటారు. గట్టిగా ఉంటుంది, వేడిని త్వరగా వదిలేస్తుంది, చాలా కాలం అరగదు. కానీ అరిగిందా, మామూలు లేత్ షాపులో బోర్ కొట్టించే పని లేదు. బ్లాక్ మార్చాల్సిందే.

చూశారా తేడా? పాతది తొందరగా అరుగుతుంది, తేలిగ్గా బాగవుతుంది. కొత్తది చాలా ఆలస్యంగా అరుగుతుంది, అరిగితే కొత్తది కొనాలి. 2011లో రెండో వర్షన్, 2018లో 155 సీసీతో మూడోది, 2021లో ట్రాక్షన్ కంట్రోల్‌తో నాలుగోది, వెర్షన్ మారేకొద్దీ ఇదే దారి.

కంపెనీలు కావాలని ఇలా చేశాయా? పూర్తిగా అలా అనలేం. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక జబ్బుంది. కొత్త మిశ్రమం లోపలికొచ్చేటప్పుడే పొగ బయటికి పోయే దారి కూడా తెరిచి ఉంటుంది, కాబట్టి కొంత పెట్రోలు, ఆయిలు కాలకుండానే బయటికి పోతాయి. 1996లో, 2000లో పొగ నిబంధనలు బిగిశాయి. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయింది. 2017లో బీఎస్ 4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6. ఆ పరిమితిలో ఉండాలంటే ఎంత గాలికి ఎంత పెట్రోలు అన్నది ప్రతి క్షణం సెన్సర్లు లెక్కపెట్టాలి. అది స్క్రూ తిప్పి సెట్ చేసే పని కాదు.

ఇప్పుడు నా పాత ఉద్యోగం గుర్తొస్తోంది. సాఫ్ట్‌వేర్‌లో సర్వర్ నమ్మదగినదా కాదా అని చూడటానికి రెండు ప్రశ్నలు అడుగుతాం. ఎన్నాళ్ళకొకసారి పడిపోతుంది? పడిపోతే లేవడానికి ఎంతసేపు? మనం బండి గురించి వాదించేటప్పుడు ఒకడు మొదటి ప్రశ్నకి జవాబు చెప్తాడు, ఇంకొకడు రెండోదానికి చెప్తాడు. అందుకే వాదన తేలదు.

ఒక లెక్క వేద్దాం. సర్వే కాదు, అర్థం కావడానికి వేసుకుంటున్న అంకెలు. పాత బండి 20 రోజులకోసారి ఆగుతుంది, ఊళ్ళోనే గంటలో బాగవుతుంది. రెండేళ్ళకి 36 సార్లు, మొత్తం 36 గంటలు. కొత్త బండి రెండేళ్ళకి ఒక్కసారే ఆగుతుంది, కానీ పార్టు రావడానికి ఆరు రోజులు. అంటే 144 గంటలు. 36 సార్లు ఆగిన బండి కంటే ఒక్కసారి ఆగిన బండే ఎక్కువసేపు మూలన పడి ఉంది!

నాకిది జరిగింది కూడా. కంపెనీ పేరు అనవసరం. నేను ఊళ్ళో ఉన్నప్పుడు నా బండి ఫ్యుయెల్ పంప్ పోయింది. సరిగ్గా మార్చి నెల, ఇంట్లో మిరపకాయలు యార్డుకి తోలే టైమ్. ఆరు రోజులు సర్వీస్ సెంటర్‌లోనే ఉంది. బిల్లు వేలల్లో, అప్పటికప్పుడు కట్టాలి. అప్పుడు బాబాయి ఒక మాటన్నాడు: "మా మెకానిక్ అయితే కాయలమ్మినాక ఇవ్వమనేవాడురా."

అక్కడ నాకు అసలు విషయం తట్టింది. ఆర్‌ఎక్స్ ఖర్చు పదీ పాతికగా వచ్చేది. మెకానిక్ ఖాతాలో రాసుకునేవాడు. కాయలమ్మినాక తీర్చేవాళ్ళు. ఏడాదికొకసారి డబ్బు చూసే ఇంటికి ఆ బండి సరిపోయింది. అంటే నమ్మకం ఇంజిన్‌లో ఒక్కదాంట్లోనే లేదు. నాలుగడుగుల దూరంలో ఉన్న మెకానిక్ చేతిలో ఉంది, లేత్ షాపులో ఉంది, ఆ ఖాతా పుస్తకంలో ఉంది.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకి వద్దాం. ఆ బండి ఇవాళ కొంటే ఆ నమ్మకం కూడా వస్తుందా? మా ఊరి మెకానిక్ షెడ్డు మూసేసి చాన్నాళ్ళయింది. వాళ్ళబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాడు. తయారీ 1996లోనే ఆగిపోయింది, దొరికే పార్టుల్లో ఏది ఒరిజినలో ఏది డూప్లికేటో గుర్తుపట్టడమే ఒక విద్య. పైగా ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు పార్టులకి పడదు. ఆ కార్బురేటర్ తయారైన రోజుల్లో ఈ పెట్రోలే లేదు.

మళ్ళీ లెక్క వేయండి. అదే 36 సార్లు ఆగుతుంది. కానీ ఈసారి గంటలో కాదు, ఒక్కోసారి రెండు రోజులు పడితే? 72 రోజులు. రెండేళ్ళలో రెండు నెలల పైన బండి లేదు. బండి మారలేదు, చుట్టూ ఉన్న ఊరు మారింది.

ఇంకోటి, బ్రేకులు. ఆర్‌ఎక్స్‌కి రెండూ డ్రమ్మే. 125 సీసీ దాటిన కొత్త బండ్లకి 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. జాతీయ రహదారి 16 మీద రాత్రిపూట ముందు లారీ ఒక్కసారిగా ఆగితే, నమ్మకం అంటే ఏంటో అప్పుడు తెలుస్తుంది. వాడు రోజూ వెళ్ళేది ఆ రోడ్డు మీదే.

కాబట్టి వాడికి నేను చెప్పింది ఇదీ. యంత్రంగా చూస్తే కొత్తదే గట్టిది, అందులో అనుమానం పెట్టుకోకు. కానీ కొత్తది పడిపోయినప్పుడు ఒంటరిగా పడిపోతుంది, దానికి నువ్వు రెడీగా ఉండు. కాయలమ్మిన డబ్బులోంచి ఒక పదివేలు బండి పేరు మీద పక్కన పెట్టు, ఆ పాత ఖాతా పుస్తకం చేసిన పని ఇక నువ్వే చేసుకోవాలి. కూలెంట్, ఆయిల్ టైమ్‌కి మార్చు. స్కానర్ ఉన్న మంచి మెకానిక్ ఎక్కడున్నాడో బండి ఆగకముందే కనుక్కో. ఆర్‌ఎక్స్ అంటే ప్రేమ ఉంటే, డబ్బులు మిగిలిన ఏడాది రెండో బండిగా కొనుక్కో. ఇంట్లో ఉన్న ఒక్క బండి మాత్రం అది కాకూడదు.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే అన్నా, కానీ ఆ సౌండు..." అన్నాడు. సౌండు గురించి నా దగ్గర లెక్కేమీ లేదు ఫ్రెండ్స్, నాకూ ఇష్టమే.

మీ ఊళ్ళో పాయింట్ గ్యాప్ చేత్తో సెట్ చేసే పెద్ద మెకానిక్ ఇంకా పనిచేస్తుంటే, ఒకసారి వెళ్ళి పక్కన కూర్చుని చూడండి. వీలైతే నేర్చుకోండి. పాత బండ్లు బతికేది ఆయన చేతుల్లోనే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. హెల్మెట్ పెట్టుకోండి, ఉంటాను.