ఆష్ ప్రయోగాలు

ఆష్ ప్రయోగాలు, వ్యక్తి అభిప్రాయంపై సమూహపు ఒత్తిడి ఎంతటిదో తెలుసుకొనుటకు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త సోలమన్ ఆష్ (1907–1996) 1950వ దశకంలో జరిపిన ప్రయోగాలు.

విధానం

ఒక కార్డుపై ఒక గీత, మరొకదానిపై వేర్వేరు పొడవులు గల మూడు గీతలు ఉంటాయి. మొదటి గీతతో సమానమైనదేదో విద్యార్థులు వరుసగా, అందరికీ వినపడేలా చెప్పాలి. వారిలో ఒక్కరే నిజంగా పరీక్షింపబడే వ్యక్తి. మిగిలినవారు ముందుగా అనుకున్న ప్రకారం 18 సార్లలో 12 సార్లు ఏకగ్రీవంగా తప్పు జవాబు చెప్పేవారు.

ఫలితాలు

ఒంటరిగా జవాబిచ్చినవారిలో తప్పులు 1 శాతం లోపే. గుంపులో మాత్రం, ఆ 12 సందర్భాలలోని జవాబులలో దాదాపు మూడింట ఒక వంతు గుంపును అనుసరించినవే. సుమారు నాలుగో వంతు మంది ఒక్కసారి కూడా లొంగలేదు. లొంగినవారిలో కొందరు తమ చూపునే శంకించారు. మరికొందరు నిజం తెలిసినా వేరుగా కనపడుటకు జంకారు. తోడుగా మరొక్కరు సరైన జవాబు చెప్పినప్పుడు ఈ లొంగుబాటు బాగా తగ్గింది.