హెడ్‌ఫోన్‌లో ఏది వినిపిస్తే, మైక్‌లో ఆ పాటే పడుతుంది

పాటల మేకింగ్ వీడియోలు చూస్తుంటారుగా? వాటిలో సింగర్ హెడ్‌ఫోన్స్‌ని ఒక చెవికి పెట్టుకుని, రెండో చెవిని వదిలేయడం చాలాసార్లు కనిపిస్తుంది. అది స్టైల్ కోసం కాదు. దాని వెనక వందేళ్లు దాటిన కథ ఉంది. ఇవాళ అదే చెప్తాను.

హెడ్‌ఫోన్ మొదట్లో పాటల కోసం వచ్చింది కాదు. 1910లో అమెరికాలోని యూటాలో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన ఇంట్లో తయారుచేసిన జతని అక్కడి నేవీకి పంపించాడు. వైర్‌లెస్ ఆపరేటర్లకి సన్నటి సిగ్నల్స్ వినిపించాలి, అంతే పని. మరుసటి ఏడాది, 1911లో, ఎత్యెన్ లాంబార్డ్ అనే ఫ్రెంచ్ చెవి డాక్టర్ ఒక సంగతి ప్రచురించాడు. చుట్టూ గోల ఉండి తన గొంతు తనకి వినపడకపోతే, మనిషి తెలియకుండానే గొంతు పెంచేస్తాడని. జాతరలో పక్కనే ఉన్నవాడితో కూడా అరిచి మాట్లాడతాం కదా, అదే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనిపడుతుంది.

1950ల్లో మద్రాసు స్టూడియోల్లో మన సినిమా పాటలకి గాయకులూ వాద్యబృందమూ కలిసే రికార్డింగ్ చేసేవాళ్లు. ఒక్కరు తప్పినా అందరూ మళ్లీ మొదటికి రావాల్సిందే. కష్టమే, కానీ ఒకరికొకరు నేరుగా వినిపించేవాళ్లు.

విడివిడిగా రికార్డు చేయాలన్న పిచ్చి అమెరికాలో లెస్ పాల్ అనే గిటారిస్టుది. 1948లో వచ్చిన ఆయన ‘లవర్’లో గిటార్లన్నీ ఆయనే వాయించాడు, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ. ఆ తర్వాత టేపు వచ్చింది, దాంతో ఒక చిక్కూ వచ్చింది. రికార్డు చేసే హెడ్ ఒకటి, వినిపించే హెడ్ ఇంకొకటి, రెండింటి మధ్య కాస్త దూరం. టేపు సెకనుకి 15 అంగుళాలు కదులుతోంది, ఆ దూరం 2 అంగుళాలు అనుకోండి. పాత ట్రాక్ వింటూ పాడితే కొత్త గొంతు సుమారు 130 మిల్లీసెకన్లు వెనక పడుతుంది. తాళం పోయినట్టే! ఆంపెక్స్ కంపెనీ వాళ్లు ‘సెల్‌సింక్’ అనే ఉపాయం తెచ్చారు. పాత ట్రాక్‌ని రికార్డు హెడ్‌తోనే వినిపించారు, తేడా పోయింది. 1957లో లెస్ పాల్‌కి అందిన 8 ట్రాక్‌ల మెషీన్ కిటుకు ఇదే.

అక్కణ్ణుంచి సింగర్ ఒక్కడే గదిలో నిలబడి, అక్కడ లేని వాద్యాలతో పాడటం మామూలైపోయింది. ఇక అతనికి హెడ్‌ఫోన్లే కచేరీ. అందుకే మంచి ఇంజనీరు ముందు ‘నీకు ఏం కావాలి?’ అని అడుగుతాడు. డ్రమ్మర్‌కి క్లిక్ గట్టిగా కావాలి, సింగర్‌కి శ్రుతి స్పష్టంగా కావాలి. ఎవరి మిక్స్ వాళ్లకి ఇవ్వడాన్నే క్యూ మిక్స్ అంటారు. ఇక్కడే లాంబార్డ్ మళ్లీ వస్తాడు. సింగర్ గొంతు తగ్గించి ఇస్తే అరిచేస్తాడు, మరీ పెంచితే భయంభయంగా పాడతాడు. ఒక చెవి వదిలేసేది తన అసలు గొంతు గాలిలోంచి వినడానికే. అయితే ఆ ఖాళీ కప్పుని తలకి ఆనించి మూసేయాలి, లేదంటే క్లిక్ మైక్‌లోకి దూరిపోతుంది.

ఇప్పుడు మన ఫోన్ సంగతికి వద్దాం. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో శబ్దం చాలాసార్లు 150 మిల్లీసెకన్ల వరకూ, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా వస్తుంది. అంటే మీ తబలా వాయించేవాడు 50 మీటర్ల అవతల కూర్చున్నట్టు! ఆంపెక్స్ వాళ్లు 1950ల్లో వదిలించిన జబ్బుని మనం డబ్బులిచ్చి మళ్లీ తెచ్చుకున్నాం. కవర్ సాంగ్ తాళం తప్పుతుంటే ‘నాకు లయ లేదు’ అని పాడటం మానేసేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. ముందు వైరున్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఇంకోసారి పాడి చూడండి. మీ లయని అప్పుడు తేల్చుకోవచ్చు.