మాట వెనుక కథ: టోకెన్

బ్యాంకులో చెక్కు ఇస్తే ఒకప్పుడు అంకె చెక్కిన ఇత్తడి బిళ్ళ చేతిలో పెట్టేవారు. అదే టోకెన్. పాత ఇంగ్లీషులో ‘టాకెన్’ అంటే గుర్తు, ఆనవాలు; బడిలో వినిపించే ‘టీచ్’ దానికి దూరపు చుట్టం. మన దగ్గర మాత్రం ఆసుపత్రి ఓపీ మొదలు తిరుమల సర్వదర్శనం దాకా, క్యూ ఉన్నచోటల్లా అది వరుసలో మన వంతు అయి కూర్చుంది.

ఇంటర్నెట్‌లో లాగిన్ అయ్యాక మనకిచ్చేదీ టోకెనే. అక్కడి సర్వర్‌కు ఆ వరుసతో పనిలేదు, ఆనవాలు చాలు. పాస్‌వర్డ్ మళ్ళీ అడక్కుండా లోపలికి రానిచ్చే పొడవాటి అక్షరాల వరస అది. చాలావరకు ‘బేరర్’ రకం: ఎవరి చేతిలో ఉంటే వారిదే చెల్లుబాటు. దొంగ చేతిలో ఉన్నా సర్వర్ తలుపు తీస్తుంది! అందుకే గడువు కొద్దిసేపే పెట్టడం మంచిది. ఫోన్ పోతే దానికిచ్చిన టోకెన్లు మాత్రం రద్దుచేసి ఊరుకోవచ్చు.

టీవీకి టోకెన్ ఇప్పించే సంగతి వేరు. రిమోట్‌తో పాస్‌వర్డ్ కొట్టడం ఎంత చికాకో! అందుకే తెరపై చిన్న కోడ్ వస్తుంది. దాన్ని ఫోన్‌లో కొట్టి సరేనంటాం. ఈలోగా టీవీ, మామూలుగా ఐదేసి సెకన్లకోసారి, ‘ఒప్పుకున్నారా?’ అని సర్వర్‌ను అడుగుతూనే ఉంటుంది. ఈ పద్ధతికి 2019లో ఆర్‌ఎఫ్‌సీ 8628 అనే ప్రమాణం వచ్చింది. కోడ్‌లో ఇంగ్లీషు అచ్చులు లేకుంటే పొరపాటున ఏ మాటా తయారు కాదని అందులో ఒక ముందుచూపు (బూతు మాటైతే మరీ తంటా కదా). ఏ నుంచి జెడ్ దాకా అక్షరాల కీబోర్డు వాడనివారికి ఉత్త అంకెల కోడ్ మేలని కూడా అక్కడే రాశారు.